ఎడమ వైపు తిరగండి

డ్రైవింగు పరీక్షలు పెట్టే ఆ అధికారికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది గాని, ఆఫీసు బయట వరసలో నిలబడేవాళ్ళెవరికీ దానితో పని లేదు. అందరికీ ఆయన ఎర్రపెన్నే. కారు ఆవరణలోంచి బయలుదేరి మళ్ళీ లోపలికి వచ్చేవరకు పక్క సీట్లో బిగుసుకుని కూర్చునేవాడు. ఎడమ, కుడి, వెనక్కి, ఆపండి అన్న నాలుగు మాటలు తప్ప ఐదో మాట ఆయన నోట విన్నవాళ్ళు లేరు. కారు ఆగగానే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత గీసి, చేతిలో పెట్టి దిగిపోయేవాడు. ఎందుకు పోయిందని అడిగితే, "నియమాల పుస్తకం ఉంది, చదువుకోండి" అనేవాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట ఒక గొట్టం చెమటలు పట్టించింది.

ఆయన అన్నయ్యకి పెద్దపేగులో చిన్న కండ పెరిగింది. సమయానికి కనిపెట్టి తీసేశారు, మనిషి బాగానే ఉన్నాడు. ఆ కబురు తెలిసిన వారంలోనే ఎర్రపెన్నుని ఆయన భార్య డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరదీసింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళు ఇప్పటిదాకా లేరు.

"అన్నగారికి వచ్చింది కాబట్టి మీరూ ఒకసారి చూపించుకోవాలి," అంది డాక్టరమ్మ. "కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి పేగంతా చూస్తాం."

"ఎంత పొడవుంటుంది?"

"ఒకటిన్నర మీటరు."

ఎర్రపెన్ను లేచి నిలబడ్డాడు. భార్య ఆయన వైపు ఒక్క చూపు చూసింది. కూర్చున్నాడు.

డాక్టరమ్మకి ఇలాంటివాళ్ళు కొత్త కాదు. "ఇంకో పద్ధతి కూడా ఉంది లెండి. పైనుంచి స్కాను తీసి, పేగు లోపల ఎలా ఉందో కంప్యూటరులో చూస్తాం. మత్తు ఇవ్వం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, మీ కాళ్ళ మీద మీరు నడిచి వెళ్ళిపోవచ్చు."

"దాంట్లో గొట్టం ఉండదా?"

"అంత పొడవు గొట్టం ఉండదు."

డాక్టరమ్మ అన్నవి నాలుగు మాటలు. వాటిలో చివరి రెండే ఎర్రపెన్ను చెవిలోకి వెళ్ళాయి. మొదటి రెండూ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. ప్రాణం లేచి వచ్చినట్టయింది ఆయనకి. ఎదురుగా పెట్టిన కాగితాల మీద, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ, ఒక్క అక్షరం చదవకుండా పెట్టేశాడు. ఆ స్కాను ఎలా ఉంటుందో వివరించే చిన్న పుస్తకాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు పక్క బోర్డు చదవకుండా ముందుకు పోయినవాళ్ళని ఎంతమందిని ఇంటికి పంపాడో ఆయన ఆ క్షణాన గుర్తు చేసుకోలేదు.

స్కాను మంగళవారం ఉదయం. ఆదివారం పొద్దున భార్య ఆయన జేబులోంచి ఆ పుస్తకం తీసి మొదటి రెండు పేజీలు చదివి, వంటగదిని తన అధీనంలోకి తీసుకుంది. పీచు ఉన్నది, గింజ ఉన్నది, తొక్క ఉన్నది ఏదీ ముట్టుకోకూడదంది. సోమవారానికి ఆ తిండీ పోయి ఉత్త తేట పానీయాలకి దిగారు. పాలు లేని టీ, వడకట్టిన సూపు, ఆపిల్ రసం. వీటితో పాటు ఒక చిన్న సీసా. అందులోని మందు తాగితే పేగులో ఏమైనా మిగిలిపోయినా స్కానులో తెల్లగా మెరుస్తుందట, అప్పుడు దాన్ని చూసి కండ అనుకునే ప్రమాదం ఉండదట. వీటన్నిటికీ పెద్ద ఒక పొడి. లీటరు నీళ్ళలో కలిపి, గంటలో కొంచెం కొంచెంగా తాగాలి.

సోమవారం సాయంత్రం నాలుగింటికి ఆయన ఆ లీటరు పూర్తి చేసే సమయానికి బావమరిది ఊడిపడ్డాడు. బావమరిదికి ఆస్పత్రి ఎదురుగా పరుపుల కొట్టు ఉంది. పద్దెనిమిదేళ్ళు ఆస్పత్రి గేటు చూస్తూ కూర్చున్నాడు కాబట్టి వైద్యమంతా తనకి వచ్చేసిందని ఆయన నమ్మకం.

"ఎలా ఉంది బావా?" అన్నాడు కుర్చీలో చేరగిలబడి.

"ఏముంది, ఏమీ లేదు. గంట దాటింది. నా మీద పనిచేసేట్టు లేదు ఈ పొడి."

"కొందరి ఒంటికి పట్టదు బావా. మా కొట్టుకొచ్చే ఒకాయనకి ఏనుగు మోతాదు ఇచ్చినా కదల్లేదట." అని, వార్తాపత్రిక చంకలో పెట్టుకుని, "ఒక్క నిమిషం" అంటూ బావమరిది బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూము.

సరిగ్గా మూడు నిమిషాలకి ఎర్రపెన్ను కడుపులో ఎవరో బల్ల జరిపినట్టయింది. ఇంకో నిమిషానికి ఆయన బాత్రూము తలుపు ముందు నిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

"ఏమోయ్, కాస్త త్వరగా."

"తొమ్మిదో పేజీలో ఉన్నాను బావా. పదమూడుతో అయిపోతుంది."

ఆయన ముఖం చూసి భార్య వంటగదిలోంచి వచ్చి తలుపు మీద వేలితో రెండు సార్లు కొట్టింది. "తమ్ముడూ, మూడు లెక్కపెడతాను," అంది, వెనక బెంచీలో మాట్లాడుతున్నవాణ్ణి పిలిచే గొంతుతో. బావమరిది రెండు దగ్గరే బయటికి వచ్చాడు. పత్రిక లోపలే ఉండిపోయింది.

ఆ తరవాత ఆ సాయంత్రం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎర్రపెన్ను హాల్లోకి వచ్చినప్పుడల్లా కూర్చోవాలా వద్దా అని ఆలోచించేవాడు, ఆలోచన తెగకముందే వెనక్కి వెళ్ళిపోయేవాడు. భార్య క్యాలెండరు అంచున పెన్సిలుతో ఒక్కో గీత పెడుతూ వచ్చింది. పదకొండు దగ్గర ఇక చాల్లే అనుకుంది. పడుకునేముందు ఆయన నీరసంగా అన్నాడు, "పోనీలే. కష్టమంతా ఇవాళే అయిపోయింది. రేపు ఊరికే పడుకుని ఫోటో తీయించుకోవడమే."

భార్య దీపం ఆర్పేసింది. పుస్తకంలో మిగతా పేజీలు ఆవిడ అప్పటికే చదివేసింది. ముందే చెబితే ఈయన గుమ్మం దాటడని ఆవిడ లెక్క.

ఉదయం బావమరిది కారులో ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. స్కాను గది చల్లగా ఉంది. మధ్యలో పెద్ద తెల్లటి చక్రం, దాని నోట్లోకి పోయి వచ్చే సన్నటి బల్ల, పక్కన అద్దాల వెనక ఇంకో చిన్న గది. ఎర్రపెన్ను లోపలికి వెళ్ళగానే, చేతిలో కాగితాల అట్టతో స్కాను తీసే అమ్మాయి ఎదురొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. జుట్టు బిగించి కట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. పేరు, పుట్టిన తేదీ అడగడానికి తలెత్తి, ఆయన ముఖం చూసి, అర క్షణం ఆగింది.

ఆ ముఖం ఎర్రపెన్నుకీ గుర్తొచ్చింది.

నాలుగు సార్లు. నాలుగు సార్లు ఈ అమ్మాయి కాగితం మీద ఆయన గీత గీశాడు. నాలుగోది మొన్న గురువారమే. ఆపాల్సిన గీత దాటి జానెడు ముందుకు వెళ్ళి ఆపింది. కారు దిగేముందు, "ఎక్కడ తప్పు చేస్తున్నానో కొంచెం చెప్తారా?" అని అడిగింది కూడా. పుస్తకం చదువుకోమన్నాడు.

"నన్ను గుర్తుపట్టారా?" అంది అమ్మాయి.

"లేదమ్మా," అన్నాడు ఎర్రపెన్ను.

"సరే లెండి. ఈ గౌను వేసుకోండి. తెరిచి ఉండే వైపు వీపు మీదికి రావాలి. ఒంటి మీద ఇంకేమీ ఉండకూడదు. నిన్న మందులన్నీ తాగారా? మందులు, సూదులు ఏవైనా పడవా? ఇచ్చిన పుస్తకం చదివారు కదా?"

"చదివాను."

"అయితే గొట్టం సంగతి తెలుసన్నమాట."

ఎర్రపెన్ను చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. "గొట్టం ఉండదన్నారే డాక్టరమ్మ."

"అంత పొడవుది ఉండదని ఉంటారు." అమ్మాయి ట్రేలోంచి మెత్తటి సన్నటి గొట్టం తీసి చూపించింది. "ఇది వెనక నుంచి ఇంత మాత్రం లోపలికి వెళ్తుంది, మీ వేలంత. దీంట్లోంచి గాలి పంపిస్తాం. ముడుచుకున్న పేగు విచ్చుకుంటేనే లోపలి గోడలు కనిపిస్తాయి. కడుపు ఉబ్బరంగా, పట్టేసినట్టు ఉంటుంది. నొప్పి మరీ ఎక్కువైతే చెప్పండి, తగ్గిస్తాను. ఏదైనా చేసేముందు చెప్పే చేస్తాను. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేస్తాను."

"ఆపండి," అన్నాడు ఎర్రపెన్ను.

"ఇంకా ఏమీ మొదలుపెట్టలేదండీ."

ఆయన గౌను తొడుక్కుని, వెనక అంచులు రెండు చేతులా దగ్గరికి లాక్కుని, బల్ల ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. పైకప్పు వైపు చూస్తూ అమ్మాయి ముఖంలో ఏముందో ఓరకంట వెతికాడు. పగ ఉందా, నవ్వు ఉందా, కనీసం కొంచెం తృప్తి ఉందా. ఏమీ లేదు. గొట్టానికి జారుడు మందు రాస్తోంది, అంతే. ఆ ఏమీ లేకపోవడమే ఆయన్ని మరింత కంగారు పెట్టింది. తను కూడా గీత గీసేముందు ముఖం సరిగ్గా అలాగే పెడతాడు.

"ఎడమ వైపు తిరగండి," అంది అమ్మాయి.

ఇరవై ఆరేళ్ళు ఆ మాట అన్న మనిషి, కంగారులో, కుడి వైపు తిరిగాడు.

"అది కుడి అండీ."

కుడీ ఎడమా తెలియనివాళ్ళ చేతికి బండి ఎలా ఇస్తారని ఆయన ఆఫీసులో ఎన్నోసార్లు అన్నాడు. గుడ్లు మిటకరిస్తూ ఎడమ వైపుకి పొర్లాడు.

"ఫరవాలేదు, చాలామంది అలాగే తిరుగుతారు," అంది అమ్మాయి. ఆ మాట ఆయనకి గొట్టం కంటే లోపలికి దిగింది.

నిజం చెప్పాలంటే గొట్టం దిగడం పెద్ద విషయమే కాదు. "ఇప్పుడు చల్లగా తగులుతుంది. ఇప్పుడు కొంచెం ఒత్తిడిగా ఉంటుంది. అయిపోయింది," అని అమ్మాయి చెప్పినంతసేపే పట్టింది. అసలు సంగతి గాలిది. ఎక్కడో యంత్రం సన్నగా బుసకొట్టింది. ఎర్రపెన్ను కడుపు తనది కానట్టు పైకి లేవసాగింది. నిన్నటి నుంచి ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా పెళ్ళి భోజనం తిన్నంత బరువు.

"ఇంకా ఎంతుంది?" అన్నాడు పళ్ళు బిగించి.

"దాదాపు అయిపోవచ్చింది. ఇది మామూలు గాలి కాదు, కార్బన్ డయాక్సైడు. ఒళ్ళు త్వరగా పీల్చేసుకుంటుంది. మీరు గట్టిగా బిగబట్టకుండా కాళ్ళు వదిలేయండి. ఇప్పుడు వెల్లకిలా. నేను అద్దాల వెనక నుంచి చెప్తాను. గాలి పీల్చి ఆపమంటే ఆపాలి, వదలమనేదాకా వదలకూడదు. పది పన్నెండు సెకన్లే."

బల్ల కదిలి చక్రంలోకి వెళ్ళింది. గోడలోంచి అమ్మాయి గొంతు వినిపించింది. "గాలి పీల్చండి. ఆపండి." ఆయన ఆపాడు. చక్రం గిర్రున తిరిగింది. బాగానే అయింది. తరవాత బోర్లా తిరగమంది. గాలి నిండిన కడుపు మీద బోర్లా పడుకోవడం అంటే బంతి మీద బల్ల నిలబెట్టడం. ఎలాగో నిలదొక్కుకున్నాడు. "గాలి పీల్చండి. ఆపండి." ఏడో సెకనులో ఆయనకి ఒక ఆలోచన వచ్చింది, ఈ పిల్ల కావాలనే వదలమనకుండా కూర్చుంటే? అంతే, భుస్సుమని గాలి వదిలేశాడు.

బల్ల బయటికి వచ్చింది. అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది. "బొమ్మ కదిలిందండీ. ఇదొక్కటి మళ్ళీ తీద్దాం."

"ఫెయిలయ్యానా?" అన్నాడు ఎర్రపెన్ను, దిండులోకి.

"ఇక్కడ అదేమీ ఉండదండీ. ఎక్కడ పోయిందో చెప్తే రెండోసారికి అందరికీ వచ్చేస్తుంది. మీరు ఏడు దగ్గర వదిలేశారు. ఈసారి మనసులో పన్నెండు లెక్కపెట్టుకోండి."

పన్నెండు లెక్కపెట్టుకున్నాడు. వచ్చేసింది.

గొట్టం తీసేసి, లేపి కూర్చోబెట్టి, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగి, అమ్మాయి చేతి తొడుగులు తీసేసింది. ఎర్రపెన్ను బల్ల అంచున కూర్చుని, ఒక చేత్తో గౌను వెనక పట్టుకుని, నేల వైపు చూస్తూ అన్నాడు. "గురువారం. గీత దాటి జానెడు."

"గుర్తుపట్టలేదన్నారుగా."

"పట్టాను. మీరు సీటు బాగా కిందికి దించి కూర్చుంటారమ్మా. బండి ముందు నాలుగు గజాల నేల మీకు కనిపించదు. గీత వచ్చిందని మీకు తెలిసేసరికి అది చక్రాల కింద ఉంటుంది. సీటు రెండు మెట్లు పైకి ఎత్తుకోండి."

"నాలుగు సార్లూ అదేనా?"

"నాలుగు సార్లూ అదే."

"ఈ ముక్క మొదటిసారే చెప్పి ఉంటే నా మొగుడు ఆఫీసుకి ఆలస్యమవుతూ రోజూ నన్ను ఇక్కడ దింపే బాధ తప్పేది కదండీ."

ఎర్రపెన్ను సమాధానం కోసం వెతుక్కున్నాడు. నోట్లోంచి ఏమీ రాలేదు. వేరే దారిన, చాలాసేపు, ఆ గది గోడలకి కూడా వినపడేటంతగా వచ్చింది.

"మంచిదే," అంది అమ్మాయి, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "అది బయటికి పోవాలి. సాయంత్రం దాకా అలాగే ఉంటుంది, ఆపుకోకండి. ఇప్పుడే ఏదైనా తినొచ్చు, నీళ్ళు బాగా తాగండి. కడుపునొప్పి తగ్గకుండా పెరిగినా, జ్వరం వచ్చినా, రక్తం పడినా వెంటనే రండి."

తిరుగు ప్రయాణంలో బావమరిది కారు నడిపాడు. ఆయన నడిపే తీరుకి ఎర్రపెన్ను మామూలుగా అయితే సందు చివర్లోనే గీత గీసేవాడు. ఇవాళ కిక్కురుమనలేదు. రోడ్డు మీద ఎత్తులు దాటినప్పుడల్లా వెనక సీట్లోంచి ఒక శబ్దం వచ్చింది. బావమరిది మూడోసారికి కారు పక్కన ఆపి, దిగి, టైర్లన్నీ తన్ని చూసి వచ్చాడు.

"ఏమీ లేదు బావా, గాలి బాగానే ఉంది," అన్నాడు.

"బాగానే ఉంది," అంది అక్కగారు, కిటికీ వైపు తిరిగి. ఆవిడ భుజాలు ఇంటిదాకా వణుకుతూనే ఉన్నాయి.

వారం తరవాత డాక్టరమ్మ పిలిచింది. పేగులో ఒకచోట ఏడు మిల్లీమీటర్ల కండ పిలకలా పెరిగి ఉందంది. భయపడాల్సిందేమీ కనిపించడం లేదు గాని, అలా వదిలేయకూడదు. తీసేయాలి.

"తీసేయండి," అన్నాడు ఎర్రపెన్ను. "స్కానుతో."

"స్కాను చూపిస్తుందే గాని తీయలేదండీ. తీయాలంటే ఆ పొడవుదే పంపాలి."

ఈసారి ఎర్రపెన్ను లేచి నిలబడలేదు. కాగితాలన్నీ ముందుకు లాక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ రెండుసార్లు గడియారం చూసుకుంది. ఆయన మధ్యలో ఆపి తొమ్మిది ప్రశ్నలు అడిగాడు.

ఆ తరవాతి సోమవారం ఆఫీసులో ఆయన బల్ల మీద ఆ రోజు పరీక్షల జాబితాలో స్కాను అమ్మాయి పేరు కనిపించింది. ఐదోసారి. ఆయన జాబితా పట్టుకుని పెద్దాఫీసరు గదిలోకి వెళ్ళాడు.

"ఈమె పరీక్ష నేను పెట్టకూడదండీ. ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఆమె నాకు తెలుసు."

"చుట్టమా?"

"కాదండీ."

"మీ ఇంటి పక్కనా?"

"కాదండీ."

పెద్దాఫీసరు కుర్చీలో ముందుకు వంగాడు. "మరి ఎలా తెలుసు?"

ఎర్రపెన్ను తలుపు వేసి ఉందో లేదో చూశాడు. వేసే ఉంది. మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దాఫీసరు నవ్వుతాడనుకున్నాడు. ఆయన నవ్వలేదు. లేచి వచ్చి ఎర్రపెన్ను పక్క కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించి, "నాకూ డాక్టరు ఆ స్కాను కాగితం రాసిచ్చి ఏడాది అయిందయ్యా. సొరుగులో పెట్టి తాళం వేశాను. అసలు ఎలా ఉంటుంది?" అన్నాడు.

తలుపు వేసి ఉన్నా ఆ ఆఫీసు గోడలు పలచన. పావుగంట గడిచేసరికి టైపు చేసే ఆవిడ ఏదో ఫైలు కోసం వచ్చి నిలబడిపోయింది. గేటు దగ్గరి కాపలాదారు సంతకం పేరుతో వచ్చాడు. ఎర్రపెన్ను జీవితంలో మొదటిసారి ఏకబిగిన అరగంట మాట్లాడాడు. పొడి గురించి, గౌను గురించి, గాలి గురించి. గొట్టం ఎంతుంటుందని కాపలాదారు అడిగితే వేలు చూపించాడు. "ఇంతేనా?" అన్నాడు కాపలాదారు, నిరాశగా.

"బాత్రూము మాత్రం ముందే మీ పేరు మీద రాయించుకోండి," అన్నాడు ఎర్రపెన్ను. టైపు చేసే ఆవిడ అది కాగితం మీద రాసుకుంది.

అమ్మాయి పరీక్ష పెద్దాఫీసరే పెట్టాడు. ఎర్రపెన్ను కిటికీ దగ్గర నిలబడి చూశాడు. కారెక్కగానే ఆమె సీటు పక్కనున్న మీట పట్టుకుని రెండు సార్లు పైకి లాగింది. వెనక్కి వచ్చేటప్పుడు కారు ఒక స్తంభం అంచుదాకా వెళ్ళింది, కానీ తగల్లేదు. గీత దగ్గర కారు బెత్తెడు ఇవతలే నిలబడింది. పెద్దాఫీసరు నీలం సిరాతో సంతకం పెట్టాడు.

అప్పటినుంచి ఎర్రపెన్ను కూడా గీత గీశాక కారణం చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజే ఒక బ్యాంకు గుమాస్తా కారు దిగకుండా నలభై నిమిషాలు వాదించాడు. ఎర్రపెన్నుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆ గీత ఎందుకు గీశాడో మూడుసార్లు చెప్పి, నాలుగోసారి బొమ్మ వేసి చూపించాడు.

పొడవు గొట్టం వంతు ఆ నెల చివర్లో వచ్చింది. చేతికి సూది గుచ్చారు, ఎడమ వైపు తిరగమన్నారు, తిరిగాడు. "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడుగుదామని నోరు తెరిచేసరికి వేరే గదిలో ఉన్నాడు. నర్సు దుప్పటి సర్దుతోంది. అయిపోయిందంది. పిలక తీసేసి పరీక్షకి పంపారు. వారం గడిచాక అందులో చెడు ఏమీ లేదనీ, మళ్ళీ ఎప్పుడు రావాలో కబురు పంపుతామనీ చెప్పారు.

కానీ ఆ రోజు ఆయనకి అదంతా తెలియదు. మత్తు పూర్తిగా దిగకముందే నర్సు చెయ్యి పట్టుకుని బయటి వరండాలోకి తెచ్చింది. గోడ వారగా ఉన్న వరస కుర్చీల్లో భార్య కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో ఆయన చెప్పులున్నాయి.

"అవెందుకు పట్టుకున్నావు?" అన్నాడు, నాలుక మడత పడుతుంటే.

"ఎవరైనా తొక్కుతారని."

ఆయన లోపలికి వెళ్ళి రెండు గంటలు దాటిందని, అప్పటినుంచీ ఆవిడ అలాగే కూర్చుని ఉందని నర్సు చెప్పింది. ఆయన వంగబోతే భార్య వద్దని, తనే కిందికి వంగి, చెప్పులు ఒక్కొక్కటిగా ఆయన పాదాల ముందు పెట్టింది.